ఇరవైల్లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: ఈ సేవ ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ చెడుతుంది

తీర్పు ముందే చెప్పేస్తాం. ముప్పైకి దగ్గరపడి, కనీసం ఏడాది మందు వాడి, ఊడటం నిలకడకు వచ్చి, నుదుటి పైభాగం మాత్రమే పలచబడిన యువకుడికి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మంచి సేవ. బాగా చేస్తే జుట్టు కత్తిరించేవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. అదే ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ల కుర్రాడికి, దువ్వెన పెట్టినప్పుడల్లా జుట్టు ఊడివస్తూనే ఉండగా, పదో తరగతినాటి హెయిర్‌లైన్ మళ్లీ తెచ్చిపెడతామని చేసే ఆపరేషన్ చెడ్డ సేవ. చేసిన చెయ్యి ఎంత నేర్పుగలదైనా అంతే. రెండుచోట్లా వాడే పరికరాలు అవే. వెనకతలలో ఉన్న కుదుళ్లు జీవితమంతా సరిపోవాలన్న లెక్క ఒకచోట ఉంటుంది, మరోచోట ఉండదు. మేము ఈ సేవను తూచేది ఆ లెక్కతోనే. రిసెప్షన్‌లో సోఫాలు, ఆపరేషన్ మధ్యలో పెట్టే సినిమాలు, పరికరాలకు తగిలించే కొత్త పేర్లు మా తూకంలోకి రావు.

ఈ ఆపరేషన్ కొత్త జుట్టును పుట్టించదు, ఉన్నదాని చోటు మారుస్తుంది. మగవారి బట్టతలకు కారణం టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్. పుట్టుకతో దానికి లొంగే గుణమున్న కుదుళ్లు ఏటికేడు సన్నబడి, నూగుగా మారి, చివరికి కనబడకుండా పోతాయి. వెనకతలలో, చెవుల పైన ఉండే కుదుళ్లు మాత్రం సాధారణంగా లొంగవు. వాటిని ముందుకు తెచ్చి నాటినా తమ స్వభావాన్ని నిలుపుకుంటాయని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1952లో మొదలుపెట్టిన ఆపరేషన్లతో చూపించి, 1959లో ప్రచురించాడు. ఇప్పటి వ్యాపారమంతా ఆ గమనిక మీదే నిలబడింది. అప్పట్లో 4 మి.మీ. పంచ్‌తో, అంటే చర్మాన్ని గుండ్రంగా కోసే గొట్టంలాంటి కత్తితో తీసేవారు కాబట్టి నాటినచోట జుట్టు కుచ్చులుగా తేలేది. ఇప్పుడు వాడే పంచ్ 0.8 నుంచి 1 మి.మీ. వరకే.

వరి నాట్లు తెలిసినవారికి విషయం తేలిగ్గా అర్థమవుతుంది: నారుమడిలో ఉన్న నారే పొలమంతటికీ సర్దుకోవాలి, ఇక్కడ మళ్లీ చల్లడానికి విత్తనం లేదు. లెక్క చూడండి. వెనకతలలో ఒక చదరపు సెంటీమీటరుకు సుమారు 65 నుంచి 85 గ్రాఫ్టులు, అంటే కలిసి మొలిచే కుదుళ్ల గుత్తులు ఉంటాయి. ఒక్కో గ్రాఫ్టులో 1 నుంచి 4 వెంట్రుకలు, సగటున రెండుకు కాస్త పైన. వెనకతల పలచగా కనబడకుండా జీవితకాలంలో తీయగలిగింది చాలామందికి 5000 నుంచి 7000 గ్రాఫ్టులు. కొందరికి 4000 కూడా దొరకవు. మగవారి బట్టతలను ఏడు దశలుగా చూపే హామిల్టన్–నార్‌వుడ్ కొలమానంలో 6వ దశకు చేరిన తలలో ఖాళీ అయ్యే చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 40 చొప్పున నింపాలంటే 8000 గ్రాఫ్టులు కావాలి. అంటే బట్టతల పూర్తిగా వచ్చే తలకు సరుకు మొదటినుంచీ చాలదు. ఎక్కడ నింపాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. ఆ నిర్ణయం చేసే డాక్టర్‌కే మీరు డబ్బు ఇస్తున్నారు, పంచ్ తిప్పే చేతికి కాదు.

కుర్రవయసులో చిక్కు ఇక్కడే వస్తుంది. 22 ఏళ్లప్పుడు కణతల దగ్గర రెండు మూలలు వెనక్కి వెళ్లాయనుకోండి. ఆ తల 3వ దశలో ఆగుతుందో, 6 దాకా పోతుందో అప్పటికి ఎవరూ చెప్పలేరు. తండ్రి వైపు, తల్లి వైపు మగవాళ్ల తలలు కొంత సూచన ఇస్తాయి, అంతే. ఆ వయసులో 2500 గ్రాఫ్టులతో హెయిర్‌లైన్‌ను కిందకు దించి కణతలు మూసేస్తే ఏడాది తర్వాత ఫొటో అద్భుతంగా ఉంటుంది. నాటిన జుట్టు నిలుస్తుంది. దాని వెనకున్న సొంత జుట్టు మాత్రం ఊడుతూనే పోతుంది. ముప్పై అయిదు వచ్చేసరికి నుదుటి మీద దట్టమైన పట్టీ, దాని వెనక ఖాళీ, సుడి దగ్గర ఇంకో ఖాళీ మిగులుతాయి. ఆ ఖాళీలు నింపడానికి వెనకతలలో మిగిలింది చాలదు. ఈ సేవ గురించి వినబడే ఫిర్యాదుల్లో అన్నిటికన్నా బాధాకరమైనది ఇదే. ఎందుకంటే ఆపరేషన్‌లో ఏ పొరపాటూ జరగకుండానే ఇలా అవుతుంది.

అందుకే మొదటి సంప్రదింపుకే మేము ఎక్కువ మార్కులు కేటాయిస్తాం. అక్కడ డాక్టర్ స్వయంగా కూర్చోవాలి. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోప్‌తో ముందు భాగమే కాదు, వెనకతల, చెవుల పైన, మెడ దగ్గర కూడా చూడాలి. వెనకతలలోనే వెంట్రుకలు సన్నబడుతుంటే, అంటే తల నిండా ఒకేలా పలచబడే రకమైతే, ట్రాన్స్‌ప్లాంట్ చేయకూడదు. తెచ్చి నాటినవీ రాలిపోతాయి. మెడ పైనుంచి, చెవుల చుట్టూ పలచబడటం మొదలైనా సరుకు తగ్గినట్టే లెక్క. గుండ్రంగా నున్నటి మచ్చలు పడే పేనుకొరుకుడు, ఎర్రబడి పొట్టు లేచి కుదురు మూసుకుపోయే మచ్చల రకం బట్టతల వేరే జబ్బులు. వాటికి ముందు వైద్యం కావాలి. జ్వరం, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం వంటివాటి తర్వాత రెండు మూడు నెలలకు తల నిండా రాలే జుట్టు చాలావరకు దానంతటదే తిరిగి వస్తుంది. అలాంటప్పుడు థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), హిమోగ్లోబిన్ చూడకుండా ఆపరేషన్ తేదీ ఇవ్వడం తప్పు. ఫోన్‌లో పంపిన రెండు ఫొటోలు చూసి "3500 గ్రాఫ్టులు, వచ్చే వారం ఖాళీ ఉంది" అనే చోట ఇవేవీ జరగవు. "ఇప్పుడే వద్దు, ఏడాది మందు వాడి రండి" అన్న క్లినిక్‌ను నమ్మవచ్చు.

మందు మాట వస్తే చాలామంది కుర్రాళ్లు వెనకాడతారు. కానీ దాన్ని పక్కనపెట్టి ఈ ఆపరేషన్ గురించి మాట్లాడలేం. నాటిన జుట్టుకు మందు అక్కర్లేదు, పక్కనున్న సొంత జుట్టుకు కావాలి. ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. మాత్రను బట్టతలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో అనుమతించింది. రక్తంలో డీహెచ్‌టీని ఇది సుమారు 70 శాతం తగ్గిస్తుంది. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 నెలలు పడుతుంది. మానేస్తే నిలిచిన జుట్టు ఏడాదిలోపు మళ్లీ పోతుంది. కొద్దిశాతం మందిలో కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, వీర్యం తగ్గడం కనబడతాయి. ఎక్కువమందికి మానేస్తే సర్దుకుంటాయి, మానేశాక కూడా కొనసాగాయని చెప్పేవారూ ఉన్నారు. మనసు కుంగినట్టున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా వెంటనే ఆపి డాక్టర్‌కు చెప్పాలి. గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. ఈ మందు ప్రోస్టేట్‌కు చేసే పీఎస్‌ఏ పరీక్ష అంకెను సుమారు సగానికి తగ్గిస్తుంది కాబట్టి, నడివయసులో ఆ పరీక్ష చేయించుకునేటప్పుడు ఈ సంగతి చెప్పాలి. తలకు రాసే మినాక్సిడిల్ 5 శాతం రెండో మందు. మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. అది పాత వెంట్రుక దిగి కొత్తది ఎక్కే దశ. ఆ భయంతోనే మానేసేవారు చాలామంది. ద్రావణంతో తల దురదపెడితే ఫోమ్ రకం వాడిచూడవచ్చు, అందులో మంటపెట్టే ప్రొపిలీన్ గ్లైకాల్ ఉండదు. ఏ మందూ వాడనని తేల్చుకున్నవారికి ఆపరేషన్ చేయకూడదని కాదు, కానీ హెయిర్‌లైన్ ఇంకా పైకి పెట్టి, గ్రాఫ్టులు ఇంకా పొదుపుగా వాడాలి.

హెయిర్‌లైన్ గీసే అయిదు నిమిషాలే ఆపరేషన్ మొత్తంలో ఖరీదైనవి. మధ్యబిందువు కనుబొమల నడుమ నుంచి 7 నుంచి 9 సెం.మీ. పైన ఉండాలి. పెద్దవాళ్లయిన మగవారికి కణతల దగ్గర మూలలు కాస్త లోపలికి ఉండటం సహజం. వాటిని గుండ్రంగా మూసేస్తే నలభైలో ముఖానికి అతకదు. గీత వంకరటింకరగా ఉండాలి, స్కేలు పెట్టి గీసినట్టు కాదు. మొదటి రెండు మూడు వరుసల్లో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులే పెట్టాలి. రెండేసి, మూడేసి వెంట్రుకలవి ఆ వెనక. ముందు వరుసలో మూడు వెంట్రుకల గ్రాఫ్ట్ పడితే వెలుతురులో కుచ్చులా కనబడుతుంది. "ఇంకొక్క సెంటీమీటరు దించండి" అని అడిగేముందు దాని ఖరీదు తెలుసుకోవాలి. వెడల్పు 15 సెం.మీ. అనుకుంటే అది 15 చదరపు సెంటీమీటర్లు, సెంటీమీటరుకు 40 చొప్పున 600 గ్రాఫ్టులు. రేపు సుడి పలచబడితే అవసరమయ్యే సరుకు అది. ఇంకో విషయం, తలలో సగం జుట్టు పోయేదాకా పలచదనం కంటికి ఆనదు. అంటే అసలు సాంద్రతలో సగం నాటినా నిండుగానే కనబడుతుంది. చదరపు సెంటీమీటరుకు 35 నుంచి 45 చాలు. 60 దాటించి "డెన్స్ ప్యాకింగ్" అని అమ్మేవారు మీ భవిష్యత్తు సరుకును ఇవాళే అమ్ముతున్నారు. రక్తప్రసరణ చాలక చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది, సిగరెట్ తాగేవారికి మరీ.

పద్ధతుల పేర్ల మీద ప్రకటనల్లో జరిగే గొడవ అసలు తేడాకన్నా చాలా పెద్దది. ఎఫ్‌యూఈ అంటే గ్రాఫ్టులను ఒక్కొక్కటిగా పంచ్‌తో తీయడం. ఎఫ్‌యూటీ అంటే సుమారు 1 నుంచి 1.5 సెం.మీ. వెడల్పు చర్మపు పట్టీ కోసి, మైక్రోస్కోప్ కింద గ్రాఫ్టులుగా విడదీయడం. పట్టీ పద్ధతిలో గీతలాంటి మచ్చ మిగులుతుంది కాబట్టి జుట్టు బాగా పొట్టిగా ఉంచుకునే కుర్రాళ్లకు ఎఫ్‌యూఈ నప్పుతుంది. అయితే ఎఫ్‌యూఈకి మచ్చే ఉండదనడం అబద్ధం. తీసిన ప్రతిచోటా తెల్లటి చుక్క మిగులుతుంది, ఎక్కువ తీస్తే వెనకతల చిమ్మటలు కొట్టినట్టు అవుతుంది. డీహెచ్‌ఐ అన్నది పెన్నులాంటి ఇంప్లాంటర్‌తో నాటే తీరు. సఫైర్ అన్నది గాటు పెట్టే బ్లేడు. వాటి వల్ల సన్నబడే జుట్టు ఆగదు, సరుకు పెరగదు. వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టమని మేము చెప్పం.

ఆపరేషన్ రోజున చూడాల్సింది ముందుగా మత్తు మోతాదు. తలను మొద్దుబార్చడానికి ఇచ్చే, అడ్రినలిన్ కలిపిన లిడోకైన్‌కు సాధారణంగా పాటించే హద్దు కిలో బరువుకు 7 మి.గ్రా. 70 కిలోల మనిషికి 490 మి.గ్రా., అంటే 2 శాతం మందు సుమారు 24 మి.లీ. ఎనిమిది గంటల ఆపరేషన్‌లో మళ్లీ మళ్లీ ఇంజెక్షన్ ఇస్తారు, ఇచ్చినదంతా ఎవరూ లెక్క కూడకపోతే ఈ హద్దు దాటుతుంది. పెదవులు మొద్దుబారడం, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, తల తిరగడం వస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి. మీ బరువు అడగని, బీపీ, పల్స్ చూపే మానిటర్ తగిలించని, ఆక్సిజన్ సిలిండర్ లేని గదిలో ఈ ఆపరేషన్‌కు పడుకోకూడదు.

తీసేటప్పుడు పంచ్ కోణం తప్పితే కుదురు తెగిపోతుంది. తెగినవి వందకు అయిదు లోపు ఉంటే మంచి పని, పది దాటితే చేతిలోనో పంచ్‌లోనో లోపం ఉన్నట్టు. గిరజాల జుట్టుకు కుదురు చర్మం కింద వంగి ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా నెమ్మదిగా చేయాలి. పక్కపక్కవి తీయకుండా వెనకతలంతా చెదురుమదురుగా తీయాలి, ఒకే చోట దండుకోకూడదు. తీసిన గ్రాఫ్టులు చల్లటి సెలైన్‌లోనో నిల్వ ద్రావణంలోనో మునిగి ఉండాలి. వాటిని చంపే మొదటి శత్రువు ఎండిపోవడం, గాలి తగిలితే కొద్ది నిమిషాలు చాలు. రెండోది కుదురు బొడిపెను పట్టకారుతో నలిపెయ్యడం. పట్టుకోవాల్సింది చుట్టూ ఉన్న కొవ్వును. ఒంటి బయట గంటలు పెరిగేకొద్దీ బతికేవి తగ్గుతాయి కాబట్టి ఒకే రోజులో 4500 గ్రాఫ్టులనడం గొప్ప కాదు. రెండు రోజులకు పంచడమో, మొత్తమే తగ్గించడమో మేలు. గాటు మరీ లోతైతే గ్రాఫ్ట్ కుంగి గుంట పడుతుంది, పైపైన పెడితే పైకి ఉబ్బి గరుకు తేలుతుంది. ఒక గాటులో పొరపాటున రెండు పడితే అక్కడ గడ్డ కట్టి చీము పడుతుంది. సొంత జుట్టు ఏ వాలులో మొలిచిందో గాటు కూడా అదే వాలులో ఉండాలి. ముందు భాగంలో దాదాపు చర్మానికి ఆనుకున్నంత వాలు ఉండాలి, నిటారుగా పెడితే ఎంత దువ్వినా పడుకోదు.

ఎవరు చేస్తారన్నది కాగితం మీద రాయించుకోండి. టెక్నీషియన్లు గ్రాఫ్టులను వేరుచేయడం, డాక్టర్ ముందుండగా నాటడం మామూలే. చర్మాన్ని కోసే పనులు, అంటే గ్రాఫ్టులు తీయడం, గాట్లు పెట్టడం డాక్టరే చేయాలన్నది ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ హెయిర్ రిస్టొరేషన్ సర్జరీ వైఖరి కూడా. డాక్టర్ పొద్దున గీత గీసి వెళ్లిపోయి సాయంత్రం ఫొటోకు వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. బిల్లు గ్రాఫ్టుకు ఇంత అని ఉంటే లెక్కల పట్టీ అడగండి: ఒంటివి ఎన్ని, రెండేసివి ఎన్ని, మూడేసివి ఎన్ని. మూడు వెంట్రుకల గ్రాఫ్టును చీల్చి మూడుగా లెక్కేస్తే అంకె పెరుగుతుంది, తలలో జుట్టు పెరగదు. "అన్‌లిమిటెడ్ గ్రాఫ్టులు" అన్న ప్యాకేజీ ఇంకా చెడ్డది. హద్దు ఉన్నది మీ తలకు, వాళ్ల ఆఫర్‌కు కాదు.

ఇంటికి వచ్చాక మొదటి పది రోజులే కీలకం. తల 45 డిగ్రీలు ఎత్తుగా, వెల్లకిలా పడుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు మెలకువగా ఉన్నంతసేపు నాటినచోట సెలైన్ చల్లుతూ తడిగా ఉంచాలి. మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా నుదుటి వాపు కళ్ల మీదకు దిగవచ్చు. భయపడనక్కర్లేదు, ఐసు నుదుటికే పెట్టాలి, గ్రాఫ్టుల మీద కాదు. మొదటి తలస్నానం సుమారు 48 గంటల తర్వాత, క్లినిక్ చూపించినట్టు నురగ పెట్టి, మగ్గుతో మెల్లగా పోసి చేయాలి. షవర్ ధార తగలకూడదు, రుద్దకూడదు. ఏడెనిమిది రోజుల నుంచి వేళ్ల మెత్తటి భాగంతో గుండ్రంగా రాస్తూ పక్కులు కరిగించాలి, పన్నెండో రోజుకు తల శుభ్రపడాలి. పక్కులను భయంతో అలాగే వదిలేయడమూ తప్పే, కింద చీము చేరుతుంది. పది రోజుల దాకా గ్రాఫ్టులు లాగితే ఊడివస్తాయి, కాబట్టి హెల్మెట్, బిగువు టోపీ, తల మీదుగా తీసే బనియన్లు వద్దు. జిమ్ రెండు వారాలు, ఈత నెల రోజులు ఆగాలి. వెనకతల వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు మొద్దుబారి ఉంటుంది. నాటినచోట చర్మం ముదురు ఊదాగానో నల్లగానో మారుతున్నా, నొప్పి తగ్గక పెరుగుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ చూడాలి. ఫోన్‌లో ఫొటో పంపి ఊరుకోవద్దు.

రెండో వారం నుంచి ఆరో వారం లోపు నాటిన వెంట్రుకలు రాలిపోతాయి. కుదురు లోపలే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పని క్లినిక్‌కు మేము మార్కులు కోస్తాం, ఎందుకంటే ఆ నెలల్లో కుర్రాళ్లు పడే కుంగుబాటు నిజమైనది. చుట్టుపక్కల సొంత జుట్టు కూడా షాక్‌కు కొంత రాలుతుంది. బలంగా ఉన్నది తిరిగి వస్తుంది, అప్పటికే సన్నబడినది రాకపోవచ్చు. ఒత్తుగా ఉన్నచోట మధ్యమధ్యలో నాటవద్దనడానికి ఇదే కారణం. మూడు నాలుగు నెలలకు మొలకలు కనబడతాయి, ఆరో నెలకు సుమారు సగం ఫలితం, ఏడాదికి దాదాపు పూర్తి. సుడి దగ్గర ఏడాదిన్నర దాకా ఆగాలి. తొలి వెంట్రుకలు గరుగ్గా, మెలికలు తిరిగి వస్తాయి, తర్వాత సర్దుకుంటాయి. ఏడాది నిండకుండా బాగుందనీ బాగాలేదనీ తేల్చకండి, రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

ప్యాకేజీలో కలిపే పీఆర్‌పీ ఇంజెక్షన్ల (మీ రక్తం నుంచే వేరుచేసిన ప్లేట్‌లెట్లను తలలోకి ఎక్కించడం) ఫలితాలు మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి, మందులకు అవి బదులు కావు. లోపం లేనివారికి బయోటిన్ మాత్రల వల్ల జుట్టు పెరగదు, పైగా ఎక్కువ మోతాదు థైరాయిడ్, గుండె రక్తపరీక్షల అంకెలను తప్పుగా చూపిస్తుంది.

ఫలితాల ఫొటోలు చూసేటప్పుడు ముందూ వెనకా ఒకే వెలుతురు ఉందా, జుట్టు ఒకే పొడవులో ఉందా, వెనక్కి దువ్వి హెయిర్‌లైన్ దగ్గరగా చూపించారా, తడి జుట్టుతో తీశారా అన్నవి గమనించండి. వెనకతల ఫొటో కూడా అడగండి, ముందు భాగం మాత్రమే చూపేవారు సగమే చూపిస్తున్నారు. అయిదేళ్లు దాటిన పేషెంట్ల ఫొటోలు చూపగలిగితే ఆ క్లినిక్‌కు మా దగ్గర ఎక్కువ విలువ.

చెడిన పనిని సరిదిద్దడం కుదురుతుంది గానీ దానికీ సరుకే కావాలి. మరీ కిందకు దిగిన వరుసలను పంచ్‌తో తీసి వెనక నాటవచ్చు, లేదా లేజర్‌తో పోగొట్టవచ్చు. గడ్డం కుదుళ్లు మధ్యభాగానికి పనికొస్తాయి, హెయిర్‌లైన్‌కు మరీ మందం. తీసి తీసి పలచబడిన వెనకతలకు రంగు చుక్కలు పొడిచే మైక్రోపిగ్మెంటేషన్ కొంత కప్పుతుంది. వీటిలో ఏది చేయాలన్నా రెండో డాక్టర్‌కు మొదటి ఆపరేషన్ వివరాలు కావాలి: ఎన్ని గ్రాఫ్టులు తీశారు, వెనకతలలో ఎక్కడి నుంచి, ఏ పంచ్‌తో, తీయకముందు అక్కడ సాంద్రత ఎంత. డిశ్చార్జ్ రోజునే ఈ వివరాలు సంతకంతో సహా తీసుకుని, గుండు చేసిన వెనకతల ఫొటోతో పాటు దాచుకోండి.